ఆ అరవై రూపాయలు యాడికి పోతాండాయి?

ప్రొద్దుటూరు,
జూన్ 12.

రజినీ,

నిన్న ఫోను మధ్యలో పెట్టేసింది నువ్వా, నేనా అన్నది దేవుడికే తెలియాలి. నువ్వే అని నేను, నేనే అని నువ్వు అనుకుంటూ ఈపాటికి ఇద్దరం చెరొకచోట మూతి ముడుచుకుని కూర్చుని ఉంటాం. నా మాట చివరిదాకా వినే ఓపిక నీకు లేదు, నీ మాట మొదలయ్యేదాకా ఆగే ఓపిక నాకు లేదు. అందుకని పోస్టాఫీసుకు పోయి ఓ కట్ట కవర్లు తెచ్చుకున్నాను. కౌంటర్లో అబ్బాయి "కోర్టు పనా మేడమ్?" అని అడిగాడు. "కాదు నాయనా, మా తమ్ముడి కూతురితో పోట్లాట" అన్నాను. ఉత్తరంలో అయితే నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు కదా.

మా సందులో ఎవరమూ చెత్త పన్ను కట్టడం లేదు. ముందు నిలబడింది నేనే. నీ కోపమంతా దానికేనని నాకు తెలుసు. కానీ చూడు, ఇంటి పన్ను కడుతున్నాం, నీటి పన్ను కడుతున్నాం, పెట్రోలు పోయించుకుంటే కడుతున్నాం, పప్పు ప్యాకెట్టు కొంటే కడుతున్నాం. ఇప్పుడు చెత్తకు నెలకు అరవై రూపాయలు. ఆ బండి సందు మొదట్లో ఆగి, పాట పెట్టి, వెళ్ళిపోతుంది. ఎదురింటి గురవమ్మ మోకాళ్ళ నొప్పులతో బుట్ట పట్టుకుని అక్కడికి చేరేసరికి పాట పక్క వీధిలో వినిపిస్తూ ఉంటుంది. "చెత్త మనమే మోసుకోని పోయి, ఇంగ దుడ్లు గూడా మనమే కట్టల్లనా?" అంటుంది గురవమ్మ. దానికి నువ్వేం జవాబు చెప్తావు?

మా వార్డులో వసూలుకు వచ్చేది మసరత్ అని నీ వయసు పిల్ల. నీలాగే వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ. ఎర్రటి ఎండలో వచ్చింది, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను.

"ఈ దుడ్లు యాడికి పోతాండాయమ్మా?" అని అడిగాను.

"నాకు తెల్దు టీచరమ్మా. ఫోన్లో కొడితే పైకి పోతాండాయి."

"పైకంటే యాడికి?"

"పైకే టీచరమ్మా."

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. నీళ్ళు ఆవిరై పైకి పోతాయి, మబ్బై తిరిగి కిందికి వస్తాయి అని నీకు కూడా చెప్పాను. మరి ఈ అరవై ఎప్పుడు కురుస్తాయి, ఎవరి పొలంలో కురుస్తాయి?

వాళ్ళిచ్చిన మూడు రంగుల బుట్టల సంగతి కూడా చెప్పాలి. చెత్త తప్ప అన్నీ వేస్తున్నారు. గురవమ్మ నీలం బుట్టలో కందిపప్పు పోసుకుంది. నా పచ్చ బుట్టను కడిగి మన చర్చి గుడికి ఇచ్చేశాను, స్త్రీల మైత్రి సంఘం వాళ్ళు లేనివాళ్ళ కోసం పోగుచేసే పిడికెడు బియ్యానికి. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన తీసి ఆదివారం దాంట్లో పోస్తున్నారు. దాన్ని ఎవరూ పన్ను అనరు, ఎవరూ ఎగ్గొట్టరు. ఎందుకో ఆలోచిస్తున్నాను.

నువ్వు ఆ ఉద్యోగంలోనే ఉన్నావు కాబట్టి ఆ అరవై ఎవరి చేతికి చేరుతాయో కనుక్కుని రాయి. పోట్లాటకు కాదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

అన్నట్టు, స్కూటీ ఎప్పుడు కొంటావు? ఆదివారాలు నువ్వు బండి మీద వస్తావని మీ నాన్న నా గుమ్మం ముందు సిమెంటు ర్యాంపు కట్టించి ఏడాది దాటింది. దాని మీద ఇప్పుడు కుక్క పడుకుంటోంది.

మీ అత్త
ప్రసన్నకుమారి


పులివెందుల,
జూన్ 21.

అత్తా,

వందనాలు. నీ కవరు పోస్ట్‌మ్యాన్ నేరుగా సచివాలయానికే తెచ్చిచ్చాడు. అందరూ చుట్టూ మూగారు. "ఏం వచ్చింది, మెమోనా?" అని ఒకటే అడగడం. మా అత్త రాసిన ఉత్తరం అంటే నమ్మలేదు, చేతిరాత చూపించాల్సి వచ్చింది.

నా జవాబు ముందు విను. వినక తప్పదు, ఇది ఉత్తరం. పొద్దున ఆరింటికి వీధిలో ఉండాలి. ఊడ్చేవాళ్ళు వచ్చారో లేదో ఫోటో, బండి వచ్చిందో లేదో ఫోటో, కాలువ ఫోటో. తర్వాత ఇల్లిల్లూ తిరిగి వసూలు. తలుపు తీయకముందే లోపల్నుంచి కేకలు. మొన్న ఒకావిడ "మేం పుట్టిండేది పన్నులు కట్టేకేనా? మీ సారును రమ్మను, నువ్వెందుకు వస్తావు?" అని గేటు వేసేసింది. ఆవిడ మాట తప్పని నేను అనలేను. కానీ ఆ గేటు బయట నిలబడేది నేనే కదా అత్తా. నువ్వు మసరత్‌కు మజ్జిగ ఇచ్చావు, సంతోషం. నాకు మజ్జిగ ఇచ్చేది ఒక్క సిరాజుద్దీన్ తాతే. టైలరు. ఒకటో తేదీనే పిలిచి అరవై చేతిలో పెడతాడు. "నీకు మాట రాకూడదు బేటీ" అంటాడు. ఆయన మిషను ముందు రోజంతా కూర్చున్నా ఒక్కోరోజు ఒక్క జాకెట్టు కూడా రాదు.

ఇక నీ ప్రశ్న. నాకూ తెలియదు. నిజంగా ఇన్నాళ్ళూ అడగాలని తోచలేదు. మా సారును అడిగాను. నవ్వి, "వసూలు చెయ్యమ్మా, జీతం తీసుకో, అయినా అది నీకెందుకు?" అన్నారు. అది వినగానే నాకూ నీ జబ్బు అంటుకుంది. కనుక్కుంటాను.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని నీకు తెలుసు. ఈ ఏడాది నివేదిక మంచిగా పోతేనే ఖాయం చేస్తారు. నివేదికలో ముందు చూసేది వసూలే. నువ్వు అక్కడ సందును నిలబెడితే ఇక్కడ నాకు భయం వేసేది అందుకే. ప్రతి సందులోనూ ఒక ప్రసన్న టీచరు ఉంటే నా గతేం కాను?

స్కూటీ ఇప్పుడు వద్దులే. నడక ఒంటికి మంచిదే. కుక్కను లేపకు.

నీ రజిని


ప్రొద్దుటూరు,
జూలై 9.

రజినీ,

నువ్వు కనుక్కునేదాకా ఆగలేకపోయాను. డబ్బు వెంట పోలేం గానీ చెత్త వెంట పోవచ్చు కదా అనిపించింది. గురవమ్మను తీసుకుని ఆటో మాట్లాడుకుని చెత్త బండి వెనకే పోనివ్వమన్నాను. ఆటో అబ్బాయి మమ్మల్ని పిచ్చోళ్ళ కింద జమకట్టాడు. "టీచరమ్మా, చెత్తలో బంగారం గానీ పడిపోయిందా?" అన్నాడు. బంగారం అంగళ్ళ ప్రొద్దుటూరు కదా, ఎవడి నోట్లోనైనా ముందు బంగారమే.

ఊరి బయట షెడ్డు దగ్గర బండి ఆగింది. అఖ్తర్ బీ అని ఒకావిడ, ఇంకొందరు ఆడవాళ్ళు కూర్చుని చేత్తో ఏరుతున్నారు. అట్టలు ఒక పక్క, సీసాలు ఒక పక్క, కుళ్ళినవి గుంతలోకి. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ చూసి నవ్వి, "రెండు రోజులు కూర్చుంటే వాసన రాదమ్మా" అంది. సిగ్గేసి కొంగు తీసేశాను. కాంట్రాక్టరు జీతం ఆలస్యంగా ఇస్తాడట. అరవై రూపాయల సంగతి అడిగితే, "మా ఇంటికాడ గూడా అడుగుతాండారు. నేను ఏరేకి నేనే కట్టల్లనంట" అంది. గురవమ్మ తన కొంగుముడి విప్పి ఆవిడ చేతిలో ఆకూ వక్కా పెట్టింది.

డ్రైవరును నిలదీశాను, మా సందులోకి ఎందుకు రావని. అతను కోప్పడలేదు. "మీరే వచ్చి చూడండి టీచరమ్మా" అని తిరుగు దారిలో బండిని మా సందులోకి తిప్పాడు. మూడు ఇళ్ళు దాటగానే చక్రం ఆగిపోయింది. ఒక పక్క గురవమ్మ గుమ్మం మెట్లు, ఒక పక్క మీ నాన్న కట్టించిన ర్యాంపు! రెండూ కాలువ మీద నుంచి దారిలోకి వచ్చి కూర్చున్నాయి. వాటి కింద కాలువ తీయడానికి కూడా పార దూరదట. ఇంత వెడల్పు బండిని ఏ మహానుభావుడు ఎంచాడో వాడు మన సందులు చూడలేదు, ఆ మాట వదలను. కానీ ఆ ర్యాంపు మాత్రం నాదే. కుక్క లేచి బండి వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

అప్పుడే ఒక సంగతి తోచింది. ఆ ర్యాంపు నీ స్కూటీ కోసం. ఉద్యోగం వచ్చిన నెలలోనే రంగు కూడా ఎంచుకున్నావు. "నడక ఒంటికి మంచిది" అని రాయడం నీ తీరు కాదు, నువ్వు బజారుకు కూడా ఆటోలో పోయే దానివి. జీతం వస్తోంది, ఇంటి అద్దె తప్ప పెద్ద ఖర్చు లేదు, నీ మీద ఆధారపడినవాళ్ళు లేరు. మరి స్కూటీ ఎందుకు కొనలేదు?

అత్త


పులివెందుల,
జూలై 24.

అత్తా,

స్కూటీ సంగతి వదిలెయ్. నేను చిన్నపిల్లను కాదు.

నువ్వు చెత్త వెంట పోయిన సంగతి మా వాళ్ళకు చదివి వినిపించాను. పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అఖ్తర్ బీ మాట నన్ను వదలడం లేదు.

నేను కనుక్కున్నది ఇంతే. డబ్బు ఒక ఖాతాకు పోతుంది. దాంట్లోంచి బండ్ల బాడుగ కడతారని ఒకరన్నారు. బండ్ల బాడుగ వేరే ఖాతాలోంచి అని ఇంకొకరన్నారు. ఇద్దరూ నాకంటే పెద్ద ఉద్యోగస్తులే. ఇద్దరూ ఇంకొకరిని అడగమన్నారు.

సోమవారం సోమవారం మీటింగు ఉంటుంది. వసూలు తక్కువైన వాళ్ళను పేరు పెట్టి పిలిచి నిలబెడతారు. నా పేరు ఇంతవరకూ పిలవలేదు. ఈ మాట నాన్నకు చెప్పు, సంతోషిస్తాడు.

ఈ నెల ఇంటికి రావడం కుదరదు.

రజిని


జమ్మలమడుగు,
ఆగస్టు 13.

రజినీ తల్లీ,

స్త్రీల మైత్రి కూటానికి వచ్చి మీ ఇంట్లో దిగాను. నీ గదిలో, నీ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం కోపంగా మొదలుపెట్టి రెండుసార్లు చింపేశాను.

కిందటి వారం మా ఊళ్ళో జరిగింది చెప్తాను. మేం ఎవరమూ పన్ను కట్టకపోయినా ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. నోటీసు లేదు, బెదిరింపు లేదు. నాకు అదే వింతగా ఉండింది. అంత గట్టిగా ఎదురు తిరిగితే ఒక్కరన్నా పలకాలి కదా? ఆఫీసుకు పోయి అడిగాను. "నేను పన్ను కట్టను. ఎందుకు కట్టనో మీ పైవాళ్ళకు తెలియాల. నా పేరు కట్టనోళ్ళలో రాసుకున్నారా లేదా?" అన్నాను. ఆ గుమాస్తా కంప్యూటర్లో చూసి, "మీరు ప్రతి నెలా కడతాండారు కదా మేడమ్. మీ సందు మొత్తం కట్టినారు. మీది చాలా మంచి సందు" అన్నాడు.

కంప్యూటరును నావైపు తిప్పించుకుని నా పేరు నేనే చదువుకున్నాను. పక్కన కట్టినట్టే ఉంది.

మసరత్‌ను ఇంటికి పిలిపించాను. ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఏడ్చింది. "యాం చేయల్ల టీచరమ్మా? మీటింగులో నిలబెడతాండారు. ఉద్యోగం ఖాయం కాదంటాండారు. మీరు పెద్దోళ్ళు, మిమ్మల్ని బలవంతం చేసేకి నాకు నోరు రాల్యా. నా జీతంలోనే కట్టేసినా" అంది. నేను ఆ పిల్లకు మజ్జిగ ఇచ్చి, పాఠం చెప్పి, ఘనంగా పంపించాను. ఆ పిల్ల బయటికి పోయి నా పన్ను కట్టింది. నా కోపం ప్రభుత్వం దాకా పోలేదు రజినీ. ఒక ఆడపిల్ల చేతిసంచి దాకా పోయి అక్కడ ఆగిపోయింది.

రాత్రి అన్నం దగ్గర మీ నాన్న, "అక్కా, అది జీతం వచ్చిన వారానికే దుడ్లు లేవంటాది. మొన్న ఇంటి బాడుగకు నన్నే అడిగె. యాడ పెడతాండాదో నాకు తెల్దు" అన్నాడు. చెయ్యి కడుక్కుని నీ గదిలోకి వచ్చేశాను. మీ నాన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు.

మీటింగులో నీ పేరు ఎందుకు పిలవలేదు రజినీ? నాకు నిజం రాయి.

అత్త


పులివెందుల,
ఆగస్టు 20.

అత్తా,

అవును. నేనూ కడుతున్నాను. చేరిన రెండో నెల నుంచీ.

మొదట కొన్ని ఇళ్ళవే. ఊళ్ళో లేనివాళ్ళవి, పనులు లేనివాళ్ళవి. ఒక నెల సర్దుదాం, తర్వాత వాళ్ళే ఇస్తారు అనుకున్నాను. కట్టనివాళ్ళకు ఏమీ కాలేదని పక్కింటివాళ్ళు చూశారు, వాళ్ళూ మానేశారు. వాళ్ళను తప్పు పట్టలేను. నా వార్డు ఇప్పుడు వసూలులో ముందుంది. మీటింగులో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు వినలేక బాత్రూంలోకి పోయి నిలబడ్డాను. నావల్ల మిగతావాళ్ళను తిట్టారు, "రజినికి వచ్చినప్పుడు మీకెందుకు రాదు?" అని. వాళ్ళు కూడా నాలాగే చేస్తున్నారో ఏమో, మేం ఒకరినొకరం అడగం.

నీకు కోపం రావచ్చు, నాకూ ఉంది. నీ మీదే ఉండింది. మీరు ముందు నిలబడి కట్టం అంటారు, అందరూ శభాష్ అంటారు. ఆ కట్టనిది ఎవరి మీద పడుతుందో మీకు కనపడదు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు, ఈవిడ గొప్పతనానికి మసరత్ కడుతూ ఉంటుంది అనుకున్నాను. రాయలేదు. రాస్తే నా సంగతి బయటపడుతుందని.

నాన్నకు చెప్పొద్దు. నువ్వు డబ్బు పంపించొద్దు. పంపిస్తే తిప్పి పంపుతాను.

ఇట్లా కట్టడం మానేయాలని ఉంది. మానేస్తే ఒక్క నెలలో చివరికి వస్తాను. ఉద్యోగం ఖాయం కాదేమో. ఏం చేయాలో తెలియడం లేదు అత్తా. సైన్సులో దీనికేం జవాబు ఉంది?

రజిని


ప్రొద్దుటూరు,
సెప్టెంబరు 10.

రజినీ,

నీ కోపం న్యాయమైనదే. ఉత్తరం చదివి రెండు రోజులు గుమ్మం దాటలేదు. సందంతా నాకు ఒంట్లో బాగాలేదనుకుని రసం పంపించింది.

మూడోరోజు మా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మసరత్ సంగతి చెప్పాను. గురవమ్మ లేచి ఇంటికి పోయి, నీలం బుట్టలో కందిపప్పు తీసి చేటలో పోసి, ఖాళీ బుట్ట తెచ్చి మధ్యలో పెట్టింది. "పాప దుడ్లు పాపకు ఇయ్యల్ల. ముందు అది" అంది. అందరూ వేశారు. పిడికెడు బియ్యం వేసినట్టే, ఎవరెంత వేశారో ఎవరూ చూడలేదు. మసరత్ తీసుకోనంది, బుట్టతో సహా వాళ్ళింట్లో పెట్టి వచ్చాం.

తర్వాత అందరం మసరత్‌ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాం. ఇకనుంచి కట్టనివాళ్ళను కట్టనట్టే రాయమన్నాం. "అట్లా రాస్తే ఈ అమ్మాయికే మాట వస్తుంది" అన్నారు. "ఒక్కదానికి రాకూడదనే ఇంతమందిమి వచ్చినాం. మాటేదైనా ఉంటే మాకే చెప్పండి" అన్నాను. ఇంకో సంగతి కూడా అడిగాను. మన గుడిలో కోశాధికారి ఆనందయ్య నెల మొదటి ఆదివారం లేచి నిలబడి, బియ్యం ఎంత వచ్చింది, ఎవరి ఇంటికి పోయింది పైకి చదువుతాడు. తక్కువ వచ్చినా తక్కువనే చదువుతాడు. అందుకే ఎవరూ ఎగ్గొట్టరని ఇప్పుడు తెలిసింది. మీరూ అట్లా ఒక్కసారి మా వార్డుది చదివితే ఆ పూటే కడతామన్నాను. చూస్తామన్నారు. ఏం చూస్తారో నేనూ చూస్తాను.

ర్యాంపు కొట్టించేశాను. గురవమ్మ మెట్లను లోపలికి జరిపించుకుంది. బండి ఇప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చి పాట పెడుతోంది. "ఇంత దగ్గరగా వింటే పాట శానా దరిద్రంగా ఉండాది" అంటోంది.

నీ విషయం. సైన్సులో నాకు తెలిసింది ఒక్కటే, అంకె తప్పుగా రాస్తే ఎంత తెలివైనవాడికైనా జవాబు తప్పే వస్తుంది. మీ పైవాళ్ళకు అందరూ సంతోషంగా కడుతున్నారనే తెలుసు. వాళ్ళకా అంకెలు ఇచ్చింది నువ్వూ, మసరతూ. ఉద్యోగం పోతే అని నాకూ భయమే. నిన్ను కట్టడం మానేయమని నేను చెప్పను, అది నా జీతం కాదు. నువ్వు ఏం చేసినా మీ ఇంట్లో నీ గది అట్లాగే ఉంది.

అత్త


పులివెందుల,
అక్టోబరు 10.

అత్తా,

నిన్నటి మీటింగు సంగతి రాస్తున్నాను. ఇది హడావిడిలో రాసింది, అక్షరాలు చూసి నవ్వకు.

సెప్టెంబరులో నేను ఎవరిదీ కట్టలేదు. కట్టినవాళ్ళను కట్టినట్టు, కట్టనివాళ్ళను కట్టనట్టు రాశాను. నా వార్డు అన్నిటికన్నా కిందికి పోయింది. కొత్తగా వచ్చిన పెద్ద సారు నా పేరు పిలిచారు. లేచాను. అప్పుడు ఆనందయ్య తాత గుర్తొచ్చాడు, కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని. నేనూ అట్లాగే గొంతు సవరించుకుని చదివాను. ఇంతమంది కట్టారు, ఇంతమంది కట్టలేదు. పోయిన నెలల్లో కట్టినట్టు ఉన్నవాటిలో ఎక్కువ నా జీతంలోవి సార్, అన్నాను.

సారు ఏదో అనబోయారు. అంతలో నా వెనక కుర్చీ జరిగింది. పక్క వార్డు సెక్రటరీ భావన లేచింది. "నావీ సార్" అంది. తర్వాత ఇంకొకరు. తర్వాత ఎవరు ఎప్పుడు లేచారో నేను చూడలేదు, నాకు ఏడుపు వచ్చేసింది. కాసేపటికి కూర్చున్నది సారు ఒక్కరే.

ఆయన మా వంక చూసి పెన్ను కింద పెట్టారు. "వాళ్ళు ఎందుకు కట్టడం లేదట?" అన్నారు. ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదత్తా. సందుల్లోకి రాని బండి గురించి చెప్పాను, అఖ్తర్ బీ గురించి చెప్పాను. "డబ్బు ఎక్కడికి పోతోందని అడుగుతున్నారు సార్" అన్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, "నాకూ సరిగ్గా తెలియదమ్మా. అడుగుతాను" అన్నారు.

సంబరపడకు. సాయంత్రానికి అందరికీ మెమోలు వచ్చాయి. వసూలు ఎందుకు తగ్గిందో వారంలో రాతపూర్వకంగా చెప్పాలి. ఉద్యోగం ఖాయం అవుతుందో లేదో తెలియదు. జవాబు మేమందరం కలిసి కూర్చుని రాస్తున్నాం. నీ ఉత్తరాల్లోంచి కొన్ని మాటలు దొంగిలిస్తున్నాను, ఏమీ అనుకోకు. సిరాజుద్దీన్ తాత మెమో సంగతి విని మజ్జిగలో ఉప్పు రెండుసార్లు వేశాడు.

నాన్నకు నేనే ఫోను చేసి చెప్పాను. తిట్టాడు, తర్వాత స్కూటీకి మొదటి కంతు తను కడతానన్నాడు. వద్దని, ఈసారి మిగిలిన జీతంలోంచి నేనే కట్టి కొనుక్కున్నాను. వచ్చే ఆదివారం దాని మీదే వస్తాను. ర్యాంపు లేదు కదా, సందు మొదట్లోనే ఆపి నడిచొస్తాను. నడక ఒంటికి మంచిదే.

ఆ అరవై రూపాయలు ఎక్కడికి పోతున్నాయో ఇంకా తెలియలేదు అత్తా. నా దగ్గర నుంచి మాత్రం పోవడం లేదు.

నీ రజిని